మార్చొద్దన్నందుకు తిన్న దెబ్బలు

సెన్సార్ మార్చొద్దన్నందుకు నన్ను నా షెడ్డు ముందే, నలుగురూ చూస్తుండగా చితకబాదారు. కొట్టినవాడు పరాయివాడు కాదు, బావ. అంటే మా తోడబుట్టిందాని మొగుడని కాదు. మా వైపు కాస్త చనువు కుదిరిన ప్రతి మగాడూ బావో మావో అయి కూర్చుంటాడు. అతను బావ అయ్యాక అతని భార్య నాకు చెల్లెలు కాక తప్పుతుందా! ఆమె నన్ను అన్నయ్యా అంటుంది. ఆ పిలుపే లేకపోతే ఆ రోజు అతని తల పగిలేది. నా చేతిలో పెద్ద స్పానర్ ఉంది మరి.

నా మెకానిక్ షెడ్డు కాశీబుగ్గలో హైవే పక్కన ఉంది. ఒకవైపు జీడి బట్టీల పొగ, ఇంకోవైపు మూలపేట పోర్టుకి రాళ్ళు మోసే టిప్పర్ల దుమ్ము. ఆ రెండింటి మధ్యా బతుకు. మాది కోటబొమ్మాళి వైపు బాప్టిస్టు కుటుంబం, అందుకని ఆదివారం షెడ్డు తెరవను. ఆ రోజంతా మర్యాదస్తుణ్ణి. మిగతా రోజుల్లో కోపం ముక్కు మీదే ఉంటుంది. బావ కోపానికి ముక్కు దాకా వచ్చే ఓపిక కూడా లేదు, నేరుగా చేతిలోకి దిగిపోతుంది.

బావది ఉద్దానంలో సముద్రపు ఒడ్డు పల్లె. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు, ఇంటి ముందు జీపు. చెల్లెలికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఈ జబ్బు గురించి ఉద్దానంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు, ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే. వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రికొచ్చి, మంచం మీద పడుకుని, ఒంట్లో రక్తాన్ని యంత్రంలోకి పంపి శుభ్రం చేయించుకోవాలి. ఒక వంతు తప్పితే ఒళ్ళు ఉబ్బిపోతుంది, ఊపిరి అందదు. ఇంకొకటి కూడా తప్పితే మనిషి దక్కదు. చుట్టుపక్కల పల్లెల్లో ఆమెలాంటి వాళ్ళని కూడా ఎక్కించుకుని బావ ఆ జీపు తోలేవాడు. ఆ జీపు దారిలో ఆగిపోతే ఆమె ప్రాణం మీదికొస్తుంది. ఇది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే కొట్టుకున్నాం.

జీపుకి కొత్తగా ఒక రోగం పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ, చెప్పాపెట్టకుండా ఇంజను ఆగిపోయేది. కాసేపయ్యాక మళ్ళీ స్టార్టయ్యేది. స్కానర్ పెట్టి చూసేవాడొకడు బండికి తగిలించి, డీజిల్ ఒత్తిడి చెప్పే సెన్సార్ పోయిందన్నాడు. ఇంజనులోకి డీజిల్ ఎంత ఒత్తిడితో వెళ్తోందో బండి కంప్యూటరుకి కబురు పంపే చిన్న సామాను అది. కబురు అందకపోతే కంప్యూటరు హడలిపోయి ఇంజను ఆపేస్తుంది. బావ కొత్త సెన్సార్ కొని తనే బిగించుకున్నాడు. కొన్నాళ్ళు నడిచింది, ఆగింది. మళ్ళీ కొత్తది వేశాడు. మళ్ళీ కొన్నాళ్ళు నడిచి, ఆ రోజు పొద్దున్న ఆసుపత్రికి వస్తూ, హైవే దాటుతుండగా సరిగ్గా నడిమధ్యలో ఆగింది.

నేను టీ తాగుతున్నాను. బ్రేకుల కేక విని తలెత్తేసరికి రాళ్ళ టిప్పర్ ఒకటి జీపు తలుపుకి జానెడు దూరంలో వంకరగా ఆగి ఉంది. దాని మీంచి ఒక బండరాయి దొర్లి రోడ్డు మీద పడి పగిలింది. జీపులో ఉన్నవాళ్ళు ఎవరూ అరవలేదు. వాళ్ళకి అరిచే ఓపికేదీ! చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని ఆ రాయి వైపు చూస్తూ ఉంది.

"సావడానికి నా బండే దొరికిందేట్రా నీకు?" అంటూ టిప్పర్ డ్రైవరు దూకాడు. బావ జీపు దిగడమే గుద్దుతో దిగాడు. మొదటి గుద్దుకే డ్రైవరు ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. టిప్పర్ క్లీనరు ఇనపరాడ్డు పట్టుకుని బావ వెనకనుంచి వస్తున్నాడు. నేను టీ గ్లాసు విసిరేసి పరిగెత్తి, దిగబోతున్న రాడ్డుని ఒంటి చేత్తో పట్టుకున్నాను. అరచెయ్యి చీరుకుపోయింది. ఆ మంటలో క్లీనర్ని కడుపులో తన్నాను. నలుగురం ఆ రాతిపొడిలో పడి పొర్లాం. ఎవడి చొక్కా ఎవడి చేతిలో ఉందో కూడా తెలియలేదు. చుట్టూ హారన్లు. విడదీసే నాథుడే లేడు, అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు.

ఆపింది చెల్లెలే. కిటికీలోంచి తల బయట పెట్టి, "నా వొంతు దాటిపోతంది. మీ కొట్లాట అయిపోతే సెప్పండి, లేదంటే నాను నడిసెల్లిపోతాను" అంది. గట్టిగా కూడా అనలేదు. టిప్పర్ డ్రైవరు ముక్కు తుడుచుకుంటూ జీపులోకి తొంగి చూశాడు. ఒక్కొక్కళ్ళ చేతులకీ ఉబ్బిన నరాలు, వాటి మీద సూది మచ్చలు. అతని మొహం పాలిపోయింది. "మా అత్తా ఇలగే ఎల్తాదిరా" అని క్లీనరుతో గొణిగి, తనే ఒక ఆటో ఆపి వాళ్ళందరినీ ఎక్కించి ఆసుపత్రికి పంపాడు. తర్వాత నలుగురం కలిసే జీపుని నా షెడ్డుకి తోశాం. అప్పటిదాకా కొట్టుకున్న చేతులే అవి.

టిప్పర్ వెళ్ళిపోగానే బావ జేబులోంచి ఇంకో కొత్త సెన్సార్ తీశాడు. డబ్బా కూడా విప్పలేదు.

"ఇదిగో, బేగి మార్సీ. అది మంచం మీంచి లేసీలోగా బండి రెడీ అవాల."

"మార్సను. ముందు సూడాల."

"సూసీదేటి? స్కానర్ సెప్పింది గదా!"

"కబురు రాలేదని సెప్పింది. కబురు సెప్పీవోడు సచ్చిపోనాడో, దారిలో వోడి గొంతు ఎవుడైనా పిసికినాడో స్కానర్‌కేటి తెలుసు? కొత్తవే ఏసినావు గదా, అవీ సచ్చిపోనాయా? నీ ఇంట్లో అడుగెట్టిందల్లా సచ్చిపోతాదేటి?"

కోపంలో అన్న మాట అది. నోట్లోంచి బయటికొచ్చాకే అది ఎవరికి తగిలిందో నాకు అర్థమైంది. నాలిక కరుచుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు అతను. పిడికిలి వచ్చి మూతి మీద పడింది. నా పన్ను నా పెదవిలోనే దిగింది. వెనక్కి పడి, లేవబోతుంటే డొక్కలో తన్నాడు. మేకులూ బోల్టులూ పోసుకున్న సీసాలు ఒక్కొక్కటీ తీసి నేలకేసి కొట్టాడు. అప్పుడే నా చేతికి స్పానర్ తగిలింది. ఎత్తాను కూడా. "అన్నయ్యా" అన్న పిలుపు చెవిలో పడ్డట్టయింది. ఆమె మంచం మీద పడుకుని ఉంది, రక్తం యంత్రంలో తిరుగుతోంది, ఇక్కడ నేను ఆమె మొగుడి తల పగలగొడితే జీపు ఎవడు తోలుతాడు! స్పానర్ దించాను.

"కొట్టు బావా. కొట్టడం అయ్యేక ఆ బల్ల మీద కూకో. నన్ను సంపినా సరే, సూడకుండా మార్సను" అని నోట్లో రక్తం ఉమ్మేశాను.

అతను జీపు ముందు అరలోంచి, మునుపు ఊడదీసిన సెన్సార్ తీసి నా మీదికి విసిరాడు. "ఇదిగో, సచ్చిపోయింది ఇదే. దీనికి తద్దినం ఎట్టుకో" అన్నాడు. అది భుజానికి తగిలి కింద పడితే తీసి జేబులో వేసుకున్నాను.

బానెట్ ఎత్తి చెయ్యి పెట్టానో లేదో, వేళ్ళ మీద సూదులు గుచ్చినట్టయింది. చూస్తే ఎర్రచీమలు. ముందు బంపరు దగ్గర మొదలై, రేడియేటర్ పక్కనుంచి పాకి, ఇంజను మీద సెన్సార్ దాకా ఒకటే బారు. నా ఇన్నేళ్ళ పనిలో ఇంజను మీద ఎలకల్ని చూశాను, ఉడతల్ని చూశాను, ఒకసారి పామునీ చూశాను. డీజిల్ కంపులో చీమలకేం పని?

సెన్సార్‌కి తగిలించే తీగల సాకెట్ ఊడదీశాను. మీటరు పెట్టి చూస్తే కరెంటు సరిగ్గానే వస్తోంది. సాకెట్ తగిలించి, కబురు మోసే తీగకి మీటరు పెట్టి, సాకెట్‌ని వేలితో అటూ ఇటూ కదిపాను. ముల్లు పిచ్చెక్కినట్టు ఆడింది, ఒకసారి పూర్తిగా పడిపోయింది. అదీ సంగతి! సెన్సార్ నిక్షేపంలా ఉంది. దాని మాట బయటికి రావలసిన గొంతు దగ్గరే ఏదో అడ్డం పడింది. లైటు వేసి సాకెట్ లోపల చూస్తే పచ్చగా చిలుము, దాని చుట్టూ తెల్లగా ఎండిన జిగురు. గోటితో గీరి నాలిక మీద పెట్టుకున్నాను. మా మేస్త్రీ నేర్పిన అలవాటు ఇది, ఎవరైనా చూస్తే ఛీ అంటారు. ముందు చేదు, ఆ వెనకాల తీపి.

కొత్త సెన్సార్ వేసిన ప్రతిసారీ జీపు కొన్నాళ్ళు ఎందుకు నడిచిందో అప్పుడు తెలిసింది. సాకెట్ పీకి మళ్ళీ గుచ్చినప్పుడు ఆ చిలుము కాస్త గీసుకుపోయేది, కబురు వెళ్ళేది. మళ్ళీ చిలుము పట్టగానే ఆగేది. కొత్తదనం వల్ల కాదు, గీకుడు వల్ల నడిచింది.

"బావా, ఇంజను మీద ఏటైనా పోసినావా? కూల్‌డ్రింకు గానీ, బెల్లం నీళ్ళు గానీ?"

"నాకేటి ఎర్రా? ఇంజను మీద పోత్తానా? నన్ను ఎర్రోణ్ణి సేత్తన్నావేట్రా?" అని ఒక రెంచి నా మీదికి గిరాటేశాడు. తప్పుకున్నాను. అది నా షెడ్డు గోడకి తగిలి పెచ్చు ఊడింది.

సాకెట్‌ని పెట్రోలుతో కడిగి, సన్న బ్రష్‌తో తోమి, గాలి కొట్టి ఆరబెట్టాను. అప్పుడూ కొత్త డబ్బా విప్పలేదు. నా మీదికి విసిరిన ఆ చచ్చిన సెన్సార్‌నే జేబులోంచి తీసి బిగించాను. సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. సాకెట్ కదిపాను, లాగాను, ఇంజను పక్కన పిడికిలితో గుద్దాను. ఆగలేదు. ఒక పూటంతా అలా నడవనిచ్చాను.

"కొత్తది బిగించినావు గదా?" అన్నాడు బావ, మొట్టమొదటిసారి శాంతంగా.

"లేదు. నువ్వు నా మీద ఇసిరిందే బిగించినాను. అది బతికే ఉంది."

నా పీక పట్టుకుని జీపు అంచుకి ఆనించి నొక్కాడు. "సచ్చిపోయిన సామాను ఎట్టి నా పెళ్ళాన్ని సంపుతావేట్రా! రాయి సూసినావా నువ్వు? ఆ రాయి దాని మీద పడుంటే!" కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, చేతులు మాత్రం వదలడం లేదు. నాకు ఊపిరి ఆడటం లేదు. మోకాలితో అతని కడుపులో పొడిచాను, అప్పుడు వదిలాడు. ఇద్దరం వగర్చుకుంటూ చెరోవైపు కూలబడ్డాం. మధ్యలో జీపు ఒక్కటే బుద్ధిగా నడుస్తోంది.

అంతలో ఆటో వచ్చింది. చెల్లెలు ఒక్కతే దిగింది, మిగతావాళ్ళు ఆసుపత్రి దగ్గరే ఆగారు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఆమె మొహం తెల్లకాగితంలా ఉంటుంది, అడుగు తడబడుతుంది. చేతికి సూది తీసిన చోట దూది పెట్టి గట్టిగా కట్టు కట్టారు. మా వాలకం చూసి, "మళ్ళీనా!" అని తల కొట్టుకుంది. అంతలోనే జీపు నడుస్తున్న చప్పుడు విని మొహం విప్పారింది. సంచీలో చెయ్యి పెట్టి పీచు తీసిన కొబ్బరికాయ బయటికి తీసింది.

"బండి బాగయితే కాయ కొడతానని మొక్కుకున్నాను. అన్నయ్యా, బానెట్ దించీకు. కొట్టీసి నీళ్ళు పోసేక దించుదువు గాని. ఎప్పుడూ ఈయన లెగకముందే అలగే సేత్తాను, ఇంజను సల్లగుండాల."

చీమల బారు బంపరు దగ్గర ఎందుకు మొదలైందో, ఆ తీపి ఎక్కడిదో ఒక్క క్షణంలో కళ్ళకి కట్టింది. కొత్త సామాను బిగించిన ప్రతిసారీ, ఆసుపత్రికి బయల్దేరే ప్రతి పొద్దునా, ఈమే! కాయ బంపరు మీద పడబోతోంది. "వొద్దు సెల్లీ!" అని అరుస్తూ దూకి కాయ లాక్కున్నాను.

బావకి కనిపించింది ఇంకొకటి. దేవుడికి కొట్టే కాయని ఒక చర్చి మనిషి తన పెళ్ళాం చేతిలోంచి లాక్కున్నాడు. ఎద్దులా వచ్చి నన్ను గుద్దేశాడు. నేను కాయ వదల్లేదు, ఆమె అడ్డం వచ్చింది, ముగ్గురం జీపు మీద పడ్డాం. ఎవరి మోచెయ్యి తగిలిందో తెలియదు. ఆమె చేతికట్టు ఊడిపోయింది.

రక్తం చిమ్మింది. కారలేదు, చిమ్మింది. యంత్రంలో గడ్డకట్టకూడదని వాళ్ళకి మందు ఇస్తారు, ఆ రోజంతా రక్తం తొందరగా ఆగదు. జీపు బంపరు మీద, నా చొక్కా మీద, బావ మొహం మీద చెల్లెలి రక్తం. బావ కొయ్యబారిపోయాడు. నేను బొటనవేలు ఆ రంధ్రం మీద పెట్టి ప్రాణమంతా పెట్టి నొక్కి, "తోలు! తోల్రా సచ్చినోడా!" అని అరిచాను. అతను బానెట్ దభీమని దించి స్టీరింగు ముందుకి దూకాడు.

ఆసుపత్రి హైవేకి అవతల ఉంది. పొద్దున్న ఆగిన చోటే మళ్ళీ దాటాలి. వెనక సీట్లో ఆమె తల నా భుజం మీద వాలిపోయింది. నా వేలికింద ఆమె నరం గుర్రుమని అదురుతోంది. సూదుల కోసం నరాలు కలిపి కుడతారు, అందుకని అక్కడ ఎప్పుడూ ఆ అదురు ఉంటుంది. కింద ఇంజను అదురు, వేలికింద ఈ అదురు. నేను ఇంతగా ఎప్పుడూ భయపడలేదు. నేను బిగించింది చచ్చిన సెన్సార్ అని బావ అన్న మాటే బుర్రలో తిరుగుతోంది. పగిలిన ఆ బండరాయి ఇంకా రోడ్డు పక్కనే ఉంది. అటునుంచి ఇంకో టిప్పర్ వస్తోంది. "ప్రభువా, ఇక్కడొద్దు" అని పైకే అనేశాను. ఇంజను ఒక్క దగ్గు కూడా దగ్గకుండా రోడ్డు దాటింది.

ఆసుపత్రిలో నర్సమ్మ మా ముగ్గురి మొహాలూ చూసి, "మీలో పేషెంటు ఎవరు?" అని అడిగింది. తర్వాత మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టింది. మేం ఇద్దరం తలొంచుకుని పడ్డాం. చాలాసేపు నొక్కి పట్టాక రక్తం ఆగింది. కొత్త కట్టు కట్టి, కాసేపు కదలొద్దని బయట వరండా బల్ల మీద కూర్చోబెట్టారు. అప్పుడు చూసుకున్నాను, నా చంకలో ఆ కొబ్బరికాయ అలాగే ఉంది.

"బండికి ఏటైంది అన్నయ్యా?" అంది చెల్లెలు.

పక్కనే బావ ఉన్నాడు, అతని చెయ్యి సంగతి నాకు ఆ రోజే బాగా తెలిసొచ్చింది. చెప్పకపోతే జీపు మళ్ళీ ఆగుతుంది. చెప్పాను. "నువ్వు పోత్తన్న నీళ్ళే సెల్లీ. సాకెట్‌లోకి దిగి సిలుము పట్టీసింది."

బావ లేచాడు. పిడికిలి బిగుసుకుంది. నేనూ లేచి మధ్యలో నిలబడ్డాను. ఈసారి చెయ్యెత్తితే నిజంగానే చంపేసి ఉండేవాణ్ణి. ఆమె ఆ పిడికిలి వైపు చూసి, "కూకో" అంది. అతను కూర్చున్నాడు.

"నన్ను కొబ్బరినీళ్ళు తాగొద్దన్నాడు డాట్రు" అంది ఆమె, నేల చూస్తూ. "తాగితే గుండె ఆగిపోతాదన్నాడు. ఇంటి సుట్టూ సెట్లే. పొద్దున్న లేత్తే కాయలే. సిన్నప్పట్నించీ నీళ్ళ కంటే అయ్యే ఎక్కువ తాగినాను. కాయ కొట్టినప్పుడు ఆ నీళ్ళు నేలపాలు సెయ్యడానికి మనసొప్పలేదు. నన్ను ఇంత దూరం మోత్తన్నాది గదా, అదైనా తాగనీ అనుకున్నాను."

బావ పిడికిలి ఎప్పుడు విడిపోయిందో నేను చూడలేదు. నా చంకలోంచి కాయ లాక్కుని, గోడకేసి కొట్టడానికి చెయ్యెత్తాడు.

"పారబొయ్యకు" అంది ఆమె. "అన్నయ్యకియ్యి. మీవోళ్ళు పెసాదం ముట్టరని తెలుసన్నయ్యా, ఇది ఇంకా దేవుడికి కొట్టలేదు గదా. నువ్వు తాగు. నా ముందర తాగు, నాను సూత్తాను."

జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. చొక్కాకి తుడిచి కాయ కన్ను పొడిచాను. మొదటి గుక్కకే పగిలిన పెదవి భగ్గుమంది. ఆమె నా గొంతు కదలడమే చూస్తోంది. సగం తాగి దించబోతే "మొత్తం" అంది. మొత్తం తాగాను. బావ గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు.

"తియ్యగుందా?" అని అడిగింది.

"ఉంది సెల్లీ."

ఆమె ఒట్టి గుటక ఒకటి మింగి, "ఐతే పదండి, ఎలుగుండగానే ఇంటికి పోదాం" అంది.